కరెంటు లేని తరగతి

ఆమె పని పరాయివాళ్ళ పుణ్యాన్ని తూకం వెయ్యడం. ఏదో ఒక దాతల సంస్థ డబ్బిస్తుంది. ఇంకెవరో ఆ డబ్బుతో పిల్లలకు చదువు చెబుతారు. ఆ చదువు నిజంగా ఒంటబట్టిందో లేదో చూసి చెప్పడానికి మూడో మనిషి కావాలి. ఆ మూడో మనిషి ఆమె. ఇచ్చినవాళ్ళకూ చుట్టం కాదు, పుచ్చుకున్నవాళ్ళకూ చుట్టం కాదు. పెళ్ళికి వెళ్ళి, విస్తరి ముందు కూర్చోకుండా, వంట ఎలా ఉందో రాసిచ్చి వచ్చే రకమని భర్త ఏడిపిస్తుంటాడు. ఆమె నవ్వదు. ఆ మాటకు ఆధారం ఏమిటని అడుగుతుంది.

ఈసారి ఆమె చేతికొచ్చింది దిద్దుబాటు గృహంలో నడిచే ఒక తరగతి. ఆ గృహానికి గేటు మీద చాలా పొడవైన పేరుంది. ఊళ్ళోవాళ్ళకు అంత ఓపిక లేదు కాబట్టి పిల్లల జైలంటారు. ఏదో ఒక తప్పు చేసి, పెద్దవాళ్ళ జైలుకు వయసు చాలనివాళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళకు చదవడం, రాయడం, దాంతోపాటు ఇళ్ళకు కరెంటు వైరింగు చేసే పని నేర్పాలన్నది తరగతి ఉద్దేశం.

ఆ తరగతిలో కరెంటు ఉండదు. ఇది వేళాకోళం కాదు. ప్లగ్గు పాయింటు కనబడితే పిల్లలు ఏ అఘాయిత్యానికి ఒడిగడతారోనని అధికారులు ముందుజాగ్రత్తగా ఆ గది గోడల్లోంచి తీగలన్నీ పీకించారు. కిటికీలోంచి వచ్చే వెలుతురే గతి. చెక్క బోర్డు మీద స్విచ్చులు, హోల్డరు, బల్బు అన్నీ అసలువే, కరెంటు ఒక్కటే లేదు. పిల్లవాడు తీగలు కలిపి పక్కకు జరిగేవాడు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని, తీగ వెంబడి వేలు పెట్టి మొదటినుంచి చివరిదాకా వెళ్ళేవాడు. ఎక్కడా తప్పు దొరక్కపోతే "వెలిగింది!" అని కేకేసేవాడు. గదిలో పిల్లలంతా "వెలిగింది!" అనేవాళ్ళు. ఆ తరువాతే పిల్లవాడు స్విచ్ నొక్కాలి. ముందు మాట, తరువాత స్విచ్. నొక్కినా ఏమీ వెలగదు కాబట్టి ఈ వరుస ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండేది కాదు.

ఆమె ఆ గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చునేది. ఈ పనిలో మొహానికి కూడా శిక్షణ ఉంటుంది. పిల్లవాడు జవాబు చెబుతుంటే నవ్వకూడదు, తలాడించకూడదు, అయ్యో అనకూడదు. ఎదుటివాళ్ళ మొహం చూసి జవాబు మార్చడంలో ఆ పిల్లలు ఆరితేరినవాళ్ళు. ఏళ్ళ తరబడి ఇలా చేసి చేసి ఆమె మొహం అక్కడే ఆగిపోయింది, ఇంటికొచ్చినా కదలదు. పిల్లలు ఆమెకు గోడమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి చెవిన పడినప్పుడు ఆమెకు కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వమే కలిగింది.

ఏ నేరం మీద వచ్చావని అడగకూడదన్నది ఆమె పాటించే ఒక నియమం. ఇంకో నియమాన్ని ప్రతి పిల్లవాడికీ ముందుగా చదివి వినిపించేది. "బయట ఎక్కడైనా కనబడితే నేను మిమ్మల్ని ముందుగా పలకరించను. మీరు పలకరిస్తేనే పలుకుతాను." మిగతావాళ్ళు బుర్రూపి ఊరుకునేవాళ్ళు. పుల్ల అని అందరూ పిలిచే ఒక బక్కపలచని కుర్రాడు మాత్రం ఊరుకోలేదు.

"ఒట్టు?" అన్నాడు.

"ఇది నియమం."

"నియమాలు చాలా చూశాను మేడమ్. ఒట్టెయ్యండి."

మదింపు చేసేవాళ్ళు ఒట్లు వెయ్యరు. ఆమె తరువాతి ప్రశ్నకు వెళ్ళిపోయింది.

చిక్కు రెండేళ్ళ తరువాత వచ్చింది. బయటికి వెళ్ళిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో చూడడమే మదింపులో చివరి అంకం. ఆమె ఫోన్లు చేసింది. నంబర్లు మారిపోయాయి. ఇళ్ళకు వెళ్ళింది. తాళాలో, కొత్త మనుషులో ఎదురయ్యారు. ఒకచోట ఒక తల్లి తలుపు ఓరగా తెరిచి, "అలాంటివాళ్ళెవరూ లేరిక్కడ" అంటుంటే, లోపల గోడ మీద ఆ అబ్బాయి ఫోటో కనబడుతూనే ఉంది. సులువుగా దొరికినవాళ్ళు మాత్రం ఒక రకం ఉన్నారు. మళ్ళీ ఏదో చేసి, మళ్ళీ లోపలికి వచ్చినవాళ్ళు. వాళ్ళ కోసం ఊరంతా తిరగక్కర్లేదు, గేటు దగ్గర సంతకం పెడితే చాలు, తీసుకొచ్చి ఎదురుగా కూర్చోబెడతారు.

దొరకనివాణ్ణి చెడిపోయినవాడి కింద జమకట్టాలని దాతల సంస్థ నియమం. ఆ లెక్కన చూస్తే తరగతి వల్ల ఒరిగిందేమీ లేదు.

"దొరకనివాళ్ళే మేడమ్ బాగుపడినవాళ్ళు," అన్నాడు మాస్టారు. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు, 'వెలిగింది' ఒక్కటే గట్టిగా అంటాడు. "పనిలో కుదురుకున్నవాడు మీ ఫోను ఎందుకెత్తుతాడు? ఎత్తితే ఇంట్లోవాళ్ళు ఎవరని అడుగుతారు కదా!"

"దానికి రుజువు కావాలి."

"రుజువు దొరికితే వాడు దొరికిపోయినట్టే కదమ్మా," అని ఆయన డస్టరు తీసుకుని బోర్డు వైపు తిరిగాడు.

దాతల సంస్థ అధికారి చెడ్డవాడేం కాదు. పై అంతస్తులో చల్లటి గదిలో కూర్చుంటాడన్న మాటేగాని, చెప్పింది వింటాడు. మాస్టారన్న మాట ఆమె చెబితే విని, బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ అన్నాడు.

"మీరు ఊహ చెబుతున్నారు. మీరే ఊహ చెబితే ఎలా? ఒక్కణ్ణి చూపించండి. దొరకనివాళ్ళలో ఒక్కడు నిజంగా పని చేసుకుంటున్నాడని వాడి సంతకం, పనిచ్చిన యజమాని సంతకం తెండి. ఆ నియమం కొట్టించే పూచీ నాది. మళ్ళీ లోపలికి వచ్చినవాళ్ళనే చెడిపోయినవాళ్ళ కింద లెక్కేద్దాం, తరగతి నిలబడుతుంది."

"తేలేకపోతే?"

"ఈ ఏడాదితో సరి. మాస్టారికి శాలువా కప్పి పంపించేద్దాం."

ఆమెకు ఆ మాట నచ్చలేదు. కానీ తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. తనైనా అలాగే అడిగి ఉండేది.

సరిగ్గా ఆ వారమే ఇంట్లో మిక్సీ తిరిగినప్పుడల్లా ఫ్యూజు పోవడం మొదలైంది. వంటింట్లో అత్తగారిదే రాజ్యం. ఆవిడ ఊరుకుంటుందా? ఎక్కడో విచారించి ఒక కరెంటు మేస్త్రీని పట్టుకొచ్చింది. పాత తీగలన్నీ మార్చాలన్నాడాయన. ముందు వంటిల్లు, తరువాత వీలు చూసుకుని బాల్కనీ. మనిషి పొట్టిగా, గట్టిగా ఉంటాడు, చొక్కా జేబులో టెస్టరు ఉంటుంది. వెంట ఒక కుర్రాడు. నిండైన భుజాలు, దట్టమైన గడ్డం, నడుముకు ఒక పెద్ద తాళంచెవి. మేస్త్రీ నోటితో చెబుతుంటే ఆ కుర్రాడు చేత్తో చేసుకుపోతున్నాడు.

ఆమె హాల్లో రిపోర్టు ముందేసుకుని కూర్చుంది. వంటింటి గుమ్మంలోంచి స్టూలు మీద నిలబడిన కుర్రాడి వీపు కనబడుతోంది. చివరి హోల్డరు బిగించి, బల్బు పెట్టి, తీగ వెంబడి వేలు పెట్టి కిందిదాకా వచ్చాడు.

"వెలిగింది," అన్నాడు మెల్లగా. ఆ తరువాత స్విచ్ నొక్కాడు. బల్బు వెలిగింది.

మేస్త్రీ పకపకా నవ్వాడు. "ఇంకా స్విచ్ వెయ్యకుండానే వెలిగిందంటాడమ్మా వీడు. ఎప్పుడూ ఇదే జబ్బు. తప్పు పోతే పరువు పోతుందిరా అంటే వినడు. తప్పు పోదనుకోండి, అది వేరే సంగతి."

ఆమె చేతిలో కలం ఆగిపోయింది. ఆ గడ్డం తీసేసి, ఆ భుజాలు సగం చేసి చూసింది. పుల్ల! స్టూలు దిగుతూ అతను ఇటు తిరిగాడు. అతనికి ఆమెను గుర్తుపట్టడానికి అంత కష్టపడాల్సిన పని లేదు. గోడ మారదు కదా.

అతను తల దించుకుని, చీపురు తీసుకుని తీగ ముక్కలు ఊడవడం మొదలుపెట్టాడు. ఆమె కళ్ళు కాగితం మీదికి తిప్పుకుంది. పదిచోట్ల వెతికిన రుజువు వంటింట్లో చీపురు పట్టుకుని నిలబడింది. నోరు విప్పడానికి లేదు.

ఇక్కడ ఇద్దరూ గమ్మున ఉంటే గండం గడిచిపోయేదే. కానీ ఇంట్లో అత్తగారు ఉంది. ఆవిడ అందరికీ టీ పోసి, మాట్లాడకుండా టీ తాగడం ఆరోగ్యానికి మంచిది కాదన్నట్టు మొదలుపెట్టింది.

"మా కోడలు జైళ్ళ చుట్టూ తిరుగుతుంది నాయనా."

"పోలీసా అమ్మా?" మేస్త్రీ కొంచెం సర్దుకుని కూర్చున్నాడు.

"పోలీసైతే కాస్త భయమైనా ఉండేది. పిల్లల జైలుకెళ్ళి, మీకు చదువు వచ్చిందా బాబూ అని అడిగొస్తుంది. వాళ్ళేమో పాపం నిజమే చెబుతారు!"

"అమ్మో, అలాంటివాళ్ళని నేను దుకాణం గడప తొక్కనివ్వనమ్మా," అన్నాడు మేస్త్రీ. "మాది ఇళ్ళల్లో తిరిగే పని. బీరువా పక్కనే నిలబడతాం, మంచం కిందికీ దూరతాం. ఒక్కడు చేతివాటం చూపించాడా, నా ఇన్నేళ్ళ పేరు మట్టిలో కలిసిపోతుంది. మనిషంటే వీడిలా ఉండాలి. దుకాణం తాళం వీడి నడుముకే ఉంటుంది. నా కన్నకొడుకు చేతికి కూడా ఇవ్వలేదు, ఆ వెధవ అమ్ముకు తింటాడు."

కుర్రాడు టీ గ్లాసులోకే చూస్తున్నాడు. ఆమె ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ పడనంత భయం పడింది. లేచి ఏదో వంకతో లోపలికి పోదామనుకునేలోపే అత్తగారు ఇటు తిరిగింది.

"ఏమ్మాయ్, నువ్వు చెప్పు. అన్నీ చూసొస్తావు కదా. ఒకసారి అలాంటి పని చేసినవాళ్ళు మారతారంటావా?"

ముగ్గురూ ఆమె వైపు చూశారు. ఆమె మొహం ఎప్పటిలాగే కదలలేదు. నోరు కూడా ఎప్పటిలాగే జవాబిచ్చింది.

"ఇంకా తేలలేదు అత్తయ్యా."

కుర్రాడు గ్లాసు కింద పెట్టాడు. సగం టీ అలాగే ఉంది. అన్న మరుక్షణం ఆమెకు నాలుక కరుచుకోవాలనిపించింది. కానీ అన్నది అబద్ధం కాదు, అదే బాధ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తగారు నడుం వాల్చింది. తలుపు చప్పుడైంది. కుర్రాడు ఒక్కడే మెట్ల మీద నిలబడి ఉన్నాడు.

"టెస్టరు మర్చిపోయానండి."

అది స్టవ్వు పక్కనే ఉంది. కావాలని వదిలేసినట్టు తెలిసిపోతోంది. ఆమె తెచ్చి ఇచ్చింది. అతను తీసుకుని కదలలేదు. "నమస్తే మేడమ్," అన్నాడు.

ముందుగా అతనే పలకరించాడు కాబట్టి ఆమె కూడా పలికింది. "నమస్తే. బాగున్నావా?"

"ఆ రోజు ఒట్టు వెయ్యలేదు మీరు. అయినా మాట నిలబెట్టుకున్నారు. అది చెప్పి పోదామని వచ్చాను." మెట్టు దిగబోయి వెనక్కి తిరిగాడు. "ఇంకా తేలలేదన్నారే?"

"నాకు తెలిసింది చెప్పాను. మీ జట్టులో చాలామంది దొరకలేదు. నువ్వూ దొరకలేదు."

"మరి ఎవరు దొరికారు?"

ఆమె చెప్పింది. అతను వింటూ టెస్టరు మూత తిప్పుతున్నాడు. విన్నాక నవ్వాడు, అందులో వెటకారం లేదు.

"అంటే మీ లెక్కలో పడాలంటే మళ్ళీ లోపలికి రావాలన్నమాట."

ఆమె ఇన్ని నివేదికలు రాసింది, ఇన్ని లెక్కలు సరిచూసింది, ఈ మాట ఇంత సూటిగా తనకు ఎందుకు తట్టలేదా అని సిగ్గేసింది.

"మాస్టారు బాగున్నారా?"

"బాగున్నారు."

"క్లాసు?"

చెప్పడమంటే ఆ బరువు తీసుకెళ్ళి ఈ కుర్రాడి నెత్తిన పెట్టడమే. చెప్పకపోవడమంటే అడిగినవాడికి అబద్ధం చెప్పడం. ఆమె మొహంలో ఏమీ కనబడదని పేరు. కానీ అతను ఆ మొహం ముందు చాలా గంటలు కూర్చున్నవాడు.

"ఎత్తేస్తున్నారా?"

ఇక దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్కడు కావాలి. వాడి సంతకం, యజమాని సంతకం. "యజమానికి తెలియకుండా కుదరదు. అందుకే నిన్ను అడగను. ఇది నీ బరువు కాదు, నాది. నేను ఇంకెవరినైనా వెతుక్కుంటాను. విన్నావా?"

"విన్నాను," అని అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నడుముకున్న తాళంచెవి చప్పుడు కింది గేటు దాకా వినబడింది.

మర్నాడు పొద్దున బాల్కనీ పనికి మేస్త్రీ ఒక్కడే పైకి వచ్చాడు.

కుర్రాడేడని అత్తగారు అడిగితే "ఉన్నాడు లెండి" అన్నాడు. నిన్నటి మాటకారి కాదు. టీ వద్దన్నాడు. స్టూలు ఎక్కి, తనే తీగలు లాగి, తనే బిగించి, దిగేటప్పుడు మోకాళ్ళు పట్టుకున్నాడు. అత్తగారు కూడా ఏదో తేడాగా ఉందని పసిగట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ చరిత్రలో అది అరుదైన సంఘటన.

"ఏదో కాగితం ఉందటగా అమ్మా," అన్నాడు మేస్త్రీ. "పని ఇచ్చినవాళ్ళు సంతకం పెట్టాల్సింది."

ఆమె దగ్గరికి వచ్చింది. "చెప్పాడా?"

"రాత్రి దుకాణం కట్టేసే వేళకి చెప్పాడు. చెంప మీద ఒక్కటిద్దామనిపించింది. ఇన్నాళ్ళూ నా కంచం పక్కన కూర్చుని తిన్నాడమ్మా. చెప్పకుండా తిన్నాడు." మొహం తుడుచుకున్నాడు. "మళ్ళీ మా ఆవిడంది, ముందే చెప్పుంటే పనిలో పెట్టుకునేవాడివా అని. పెట్టుకునేవాణ్ణి కాదు."

"పనిలోంచి తీసేశారా?"

"తీసేస్తే ఆ పైకప్పుల్లోకి ఎవడు దూరతాడు? కింద ఉన్నాడు. పైకి రానన్నాడు, మీ అత్తగారి మొహం చూడలేనని." జేబులోంచి ఒక పెద్ద తాళంచెవి తీసి చూపించి, మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు. "ఇది మాత్రం తీసేసుకున్నాను. కొన్నాళ్ళు నా దగ్గరే ఉండనీ. నేనేమీ దేవుణ్ణి కాదు కదా."

ఆమె కాగితం తెచ్చింది. ఆయన కలాన్ని టెస్టరులా పట్టుకుని, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాడు. ఏ పని, ఎంతకాలంగా, నడవడి ఎలా ఉంది అని అందులో గళ్ళున్నాయి. నడవడి దగ్గర చాలాసేపు ఆగి, 'మంచిది' అని రాశాడు. తాళంచెవి సంగతి రాయడానికి గడి లేదు. ఇన్నేళ్ళుగా ఆ కాగితాన్ని తయారుచేస్తున్నది ఆమే.

ఇద్దరూ కలిసి కిందికి దిగారు. పుల్ల స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు, భుజాన నిచ్చెన. నడుము బోసిగా ఉంది. రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు వాచి ఉన్నాయి. కాగితం స్కూటరు సీటు మీద పరిచి, మాస్టారు నేర్పిన గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టాడు. ఆమె దాన్ని మడవకుండా సంచీలో పెట్టుకుంది.

"క్లాసు ఉంటుందా మేడమ్?"

మీటింగు వచ్చే వారం. అధికారి ఇచ్చింది మాట మాత్రమే, పైవాళ్ళు ఏమంటారో తెలియదు. ఈ ప్రశ్నకు ఆమె ఇవ్వాల్సిన జవాబు ఒక్కటే ఉంది, ఇంకా తేలలేదు అని. నిన్న ఇచ్చిందీ అదే. ఆమె పుల్ల మొహం చూసింది, బోసి నడుము చూసింది. పెదవులు వణికాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆపుకోవడం ఎలాగో ఆ క్షణాన గుర్తు రాలేదు.

"వెలిగింది," అంది.

పుల్ల తెల్లబోయి చూశాడు. స్కూటరు స్టార్టు చెయ్యబోతున్న మేస్త్రీ వెనక్కి తిరిగాడు.

"స్విచ్ వెయ్యకుండానే వెలిగిందంటారేంటమ్మా? వీడి జబ్బు మీకూ అంటుకుందా?"

పుల్ల ఒక్కసారిగా నవ్వేశాడు. మేస్త్రీ నవ్వలేదు. తాళంచెవి ఉన్న జేబు ఒకసారి తడుముకుని, "ఎక్కరా, పొద్దెక్కిపోతోంది," అన్నాడు. పుల్ల నిచ్చెన సర్దుకుని వెనక కూర్చున్నాడు.